ఐదో గుప్పెడు

సముద్రం మధ్య చెరకు పండే దీవిలో, లంబాసా అనే ఊరి బస్టాండులో బఠాణీలమ్మే ఫూల్మతి ఏ సినిమాకీ ఐదు ఇవ్వలేదు. అరవై రెండేళ్లొచ్చాయి, ఒక్కదానికీ ఇవ్వలేదు. నాలుగిచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిలోనూ రెంటికి, ఇచ్చాక మనసొప్పక, మర్నాడు పొద్దున్నే పలక తుడిచి మూడుకు దించేసింది. తొందరపడ్డాను నాయనా, పాటలకు మోసపోయాను అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. అంత గట్టి మనిషి.

ఆవిడ మార్కులు గుప్పిళ్లలో ఉంటాయి. ఆవిడ కట్టే కాగితం పొట్లంలో సరిగ్గా ఐదు గుప్పిళ్ల బఠాణీలు పడతాయి. ఆవిడ గుప్పెడు చిన్నదిలెండి, ఆ సంగతి కొనేవాళ్లు రోజూ దెప్పుతూనే ఉంటారు. శుక్రవారం ఒంటిగంట ఆటకు అంగడి పక్కావిడకు అప్పగించి, నిండు పొట్లం పట్టుకెళ్లి ప్రభాత్ హాల్లో చివరి వరసలో నడవ పక్క సీట్లో కూర్చుంటుంది. సినిమా బాగుంటే నమలడం మరిచిపోతాం కదా. బాగా లేకపోతే ఏం చేస్తాం, నములుతూ కూర్చుంటాం. ఆట వదిలాక పొట్లంలో ఎన్ని గుప్పిళ్లు మిగిలితే సినిమాకి అన్ని మార్కులు. శాస్త్రమంతా ఇంతే. శనివారం పొద్దున్న పలకమీద సినిమా పేరు రాసి, కింద సుద్దతో అన్ని పిడికిళ్ల బొమ్మలు గీసి, బఠాణీల డేగిసాకి ఆనించి పెడుతుంది.

నవ్వకండి. శనివారం సంతకొచ్చే చెరకు రైతుల్లో ఆ పలక చూడకుండా పిల్లల్ని హాలుకు తీసుకెళ్లేవాడు లేడు. ఫోనుల్లో నక్షత్రాలు బోలెడుంటాయి, వాటిని వేసినవాళ్లెవరో, ఏ దేశంలో ఉంటారో ఎవరికి తెలుసు? ఫూల్మతి అయితే ఎదురుగా కూర్చుని ఉంటుంది, నచ్చకపోతే తిట్టొచ్చు.

“పిన్నీ, రెండేనా? పెద్ద హీరో కదా!”

“పెద్ద హీరోనే. ముప్ఫై మందిని బురదలో పడేసి తన్నాడు, చొక్కాకి మరక లేదు. ఆ చొక్కా ఉతికినవాడికిచ్చాను రెండు. హీరోకేమీ ఇవ్వలేదు.”

“మరి ఆ దెయ్యం సినిమా?”

“దెయ్యం కంటే చప్పుడెక్కువ. భయం వెయ్యలేదు, తలనొప్పొచ్చింది. ఒకటిన్నర.”

“ఏడుపు సినిమా ఒకటి వచ్చిందటగా. మా ఆవిడ చూడాలని గోల.”

“తీసుకెళ్లు, మూడు. విలను చచ్చేముందు పావుగంట మాట్లాడాడు, లేకపోతే మూడున్నర ఇచ్చేదాన్ని. మా ఆయన పోయేటప్పుడు మంచినీళ్లడిగే వ్యవధి లేకపోయింది, వీడికేమో ఉపన్యాసమట!”

ఆ మా ఆయన పేరు హరఖు. చెరకు లారీ తోలేవాడు. క్రషింగ్ రోజుల్లో మిల్లు గేటు ముందు లారీల వరస మైలు పొడుగునా నిలబడేది. హరఖు తన లారీని వరసలో పెట్టి, వెనక లారీవాణ్ణి బతిమాలి, బులిలేకా నుంచి తెచ్చిన పెళ్లాన్ని వెంటేసుకుని హాలుకు పరిగెత్తేవాడు. వరస కదిలిందని కబురొస్తే లేచి రావలసిందే. అందుకని కాపురానికొచ్చిన మొదటి ఆరేళ్లూ ఫూల్మతి ఏ సినిమా చివరిదాకా చూడలేదు. మొదటి సగం ఈ వారం, రెండో సగం వచ్చేవారం. అప్పటికి సినిమా మారిపోతే, అమ్మాయిని ఎత్తుకుపోయిన విలను ఆవిడ మనసులో అలా ఎత్తుకుపోతూనే ఉండిపోయేవాడు. పొట్లాలతో కొలవడం ఆ లారీలో మొదలైంది. తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుని ఎవరి పొట్లంలో ఎన్ని మిగిలాయో చూసుకునేవాళ్లు. హరఖు బఠాణీలు ఒళ్లో పెట్టుకుని ముట్టుకోనే ముట్టుకోడు. ఆయనకు ప్రతి సినిమా ఐదే. అలాంటి మనిషితో కాపురం సుఖం, సినిమా గురించి మాట్లాడటం మాత్రం మహా కష్టం.

“నువ్వెప్పుడిస్తావే ఐదు?” అని అడిగేవాడు.

“ఇచ్చే సినిమా రానీ, ఇస్తాను. నీలా అందరికీ పంచిపెడితే ఇక దాని విలువేముంది?”

ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆ సినిమా రాలేదు.

ఇంతలో వచ్చిపడ్డాడు రోనిల్. హాలు యజమానికి కొత్తల్లుడు, రాజధాని సువాలో చదువుకున్నవాడు, హాలు నడపమని మామగారు పంపితే వచ్చాడు. మంచి బట్టలు, మంచి మాట. ఒక గురువారం మధ్యాహ్నం, బస్టాండు కిటకిటలాడుతున్న వేళ, దంచి నీళ్లలో కలుపుకు తాగే నంగోనా వేర్ల కట్ట ఒకటి, కాగితంలో చుట్టింది, రెండు చేతులా పట్టుకొచ్చి ఫూల్మతి బల్లమీద పెట్టాడు.

“పిన్నీ, మా హాలు మీద కాస్త దయ ఉంచు” అన్నాడు.

ఫూల్మతి మనసు ఆ వారమంతా సవుసవు ఊళ్లో ఉంది. శనివారం అక్కడ అన్న కూతురి పెళ్లి. వెళ్లలేనివాళ్లు తలో కట్టా తెచ్చి ఆవిడ చేతికిస్తున్నారు, పెళ్లింట్లో నంగోనా ఎంతున్నా చాలదు కనక. ఇదీ అలాంటిదే అనుకుంది. కుర్రాడికి మర్యాద తెలుసునే అని మురిసిపోయి, కట్టమీద రెండు చేతులూ వేసి, “అలాగే నాయనా, నీ హాలు చల్లగా ఉండాలి” అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆచారం ప్రకారం అరచేతులు గుల్లగా పెట్టి మూడుసార్లు చప్పట్లు చరిచారు. పని పూర్తయిపోయింది.

మర్నాడు ఒంటిగంటకు కొత్త సినిమా చూసింది. దాని అసలు పేరేదో ఉంది గానీ ఊరంతా బుల్డోజర్ సినిమా అనే అన్నారు. ఇంటర్వెల్‌కే పొట్లం అడుగంటింది. చివరికి మిగిలింది అర గుప్పెడు, అదీ పంటికి నొప్పెట్టి ఆపింది కాబట్టి. హాలు నుంచి అటే సవుసవు బస్సెక్కేసింది. పలక రాయడానికి టైము లేదు, సోమవారం రాయొచ్చులే అనుకుంది.

సోమవారం బస్సు దిగేసరికి బస్టాండులో ఎవరూ పలకరించలేదు. రోజూ నవ్వే టిక్కెట్ల కుర్రాళ్లు మొహాలు తిప్పుకున్నారు. పలక చూస్తే, దానిమీద ఎవరో సుద్దతో రాసిపెట్టారు: ‘ఒక కట్టకి ఐదు’.

“ఏమిటే వసితీ ఇది?” అంది. పక్క బల్లమీద ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాల చేపా అమ్మే వసితి ఈ దీవి మూలవాసి, ఫూల్మతికి పాతికేళ్లుగా నేస్తం. వసితి వీధి చివర హాలువైపు గడ్డం ఎత్తి చూపించింది. అక్కడ ఇంత పొడుగు బోర్డు వేలాడుతోంది: ‘బస్టాండు పిన్ని ఫూల్మతి ఇచ్చారు, జన్మలో మొదటిసారి, ఐదు గుప్పిళ్లు!’

ఫూల్మతి దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఇంతలో బిసున్ వచ్చాడు. సెయాంగాంగాలో చెరకు వేస్తాడు, గొంతు విప్పితే మిల్లు కూత వినబడదు.

“నిన్ను నమ్మి ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాను పిన్నీ! మా అత్తగారిని కూడా తెచ్చాను! ముసలావిడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది! పాతికేళ్లుగా ఆవిడ దగ్గర సంపాదించుకున్న మంచిపేరు రెండున్నర గంటల్లో పోయింది!”

“నేనివ్వలేదురా! నేను దానికిచ్చింది అర గుప్పెడు!”

“మరి కట్ట తీసుకున్నావా లేదా? నా కళ్లతో నేను చూశాను. చప్పట్లు కూడా కొట్టాను, నా చేతులు నేను నరుక్కోవాలి.”

ఫూల్మతి పలక మీది రాత వైపు మళ్లీ చూసింది. అప్పటికి గానీ తను చేసిన పని తనకు తెలిసి రాలేదు. వసితి మెల్లిగా అంది: “కట్ట ముందు పెట్టి ఒకటి అడిగాడు. నువ్వు చేతులేసి అలాగే అన్నావు. అడిగింది ఇచ్చేసినట్టే కదే. ఈ దీవిలో పుట్టి పెరిగావు, దేనికని అడగొద్దూ?”

“పెళ్లికనుకున్నానే!”

“పోనీ తిరిగిచ్చెయ్యి.”

“ఏం తిరిగివ్వను? వియ్యాలవారు తాగేశారు!”

వసితికి నవ్వాగలేదు. ఫూల్మతి మాత్రం కొంగు బిగించింది. చక్కా హాలుకు నడిచింది. రోనిల్ టిక్కెట్ల గదిలో ఫోను చూసుకుంటున్నాడు.

“ఆ బోర్డు దించు.”

“కోపం దేనికి పిన్నీ? నేనడిగాను, నువ్వు అలాగే అన్నావు. బస్టాండంతా సాక్ష్యం.” కుర్రాడి మొహంలో దొంగతనం లేదు, అదీ చిక్కు. నిజంగానే ఒప్పందమైందనుకున్నాడు. “హాలు నిండకపోతే మా మామగారు దీన్ని బియ్యం గోదాము చేసేస్తానంటున్నాడు. నువ్వొక్క మాటంటే నిండుతుంది. ఏడాదంతా నీ సీటు ఊరికే ఇస్తాను, పోనీ.”

“నువ్వెప్పుడైనా నీ హాల్లో ఒక్క సినిమా చూశావట్రా?”

“నాకు టైమెక్కడిది?”

“రుచి చూడకుండా బఠాణీలమ్మితే జనం నా మొహాన కొడతారు. అయినా ఊరికే కూర్చుంటే నా నోరు కూడా ఊరికే పోతుంది. నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటాను.” అనేసి వచ్చేసింది. బోర్డు మాత్రం అలాగే ఉంది.

ఆ వారం ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. బఠాణీలు అమ్ముడవుతున్నాయి, అందులో లోటు లేదు. సినిమా సంగతి మాత్రం ఎవరూ అడగటంలేదు. అడిగినా వెటకారమే. “పిన్నీ, మా అబ్బాయి పరీక్ష రాశాడు, ఒక కట్ట తెస్తే ఐదిస్తావా?” అని ఒకడు. చుట్టూ నవ్వులు. ఫూల్మతి పలకను బల్లకింద పడేసింది. మొగుడు పోయినప్పుడు నలుగురిలో ఏడవని మనిషి, ఆ బుధవారం చేపలు తోమే నీళ్లకొళాయి దగ్గర నిలబడి ఏడ్చింది. ఆవిడకున్నదల్లా ఆ మాటే మరి. పొలం లేదు, లారీ ఏనాడో అమ్మేశారు. ఫూల్మతి మూడంటే మూడే అని జనం అనుకోవడం, అదే ఆవిడ ఆస్తి.

శుక్రవారం వెళ్లకూడదనుకుంది. ఒంటిగంట కొట్టేసరికి కాళ్లు వాటంతట అవే నడిచాయి. రావలసిన పెద్ద సినిమా రాలేదని రోనిల్ ఆ వారానికి ఏదో చిన్న సినిమా తెచ్చి వేశాడు. లావు అనే దీవుల వైపెక్కడో తీశారట, మాటలన్నీ వసితి వాళ్ల భాషే. పేరు ‘చాప’. హాల్లో ఉన్నది తొమ్మండుగురు, వాళ్లలో ఇద్దరు ఎండకు తట్టుకోలేక వచ్చి నిద్రపోతున్నవాళ్లు.

ఒక ముసలావిడ. మనవరాలి పెళ్లికి మొగలాకుల చాప అల్లాలి. తొమ్మిది రోజుల్లో ఓడ వస్తుంది, చాప ఓడెక్కాలి. వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. అంచు అల్లిక ఆవిడకు మరపుకొచ్చింది. అది వచ్చిన మనిషి దీవిలో ఇంకొకతే ఉంది, ఆడపడుచు. ఇద్దరికీ ముప్ఫయ్యేళ్లుగా మాటల్లేవు. సినిమా అంతా ఇదే: అడుగుతుందా, అడగదా? పాటల్లేవు, ఫైటింగుల్లేవు. వేళ్లు, ఆకులు, వాన.

చాప అల్లుకునే సినిమా ఏమిటి నా మొహం అనుకుంటూ కూర్చుంది ఫూల్మతి. లైట్లు వెలిగాక కూడా అలాగే కూర్చుండిపోయింది. ఊడ్చేవాడు వచ్చి, “పిన్నీ, అయిపోయింది” అన్నాడు. లేచి నిలబడితే ఒళ్లోంచి ఏదో జారి కిందపడింది. పొట్లం. మూతి మడత మడతలాగే ఉంది. విప్పనే లేదు.

నడవలో నిలబడి ఆ పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఓరి హరఖూ, వచ్చిందిరా అనుకుంది. ఆ సంతోషం వెనకాలే భయం కూడా పట్టుకుంది. నలభై ఏళ్లు దాచుకున్న ఐదు, ఇప్పుడా ఇవ్వాల్సొచ్చింది? ఐదు రాస్తే ఇంకో కట్ట ముట్టిందంటారు. రాయకపోతే సినిమా రేపటితో పోతుంది. రేపు రెండింటి ఆటకి పాతికమందైనా రాకపోతే ఎత్తేసి మళ్లీ బుల్డోజరే వేస్తానని రోనిల్ అప్పటికే చెప్పేశాడు.

“మూడు రాసి ఊరుకో” అంది వసితి. “మూడంటే ఎవరూ ఏమీ అనరు. నాలుగు రోజుల్లో అన్నీ మరిచిపోతారు.”

“మూడంటే అబద్ధమే కదే. వాడు రాసింది అబద్ధమని ఏడ్చి, నేనూ అబద్ధం రాయనా? సరే, నువ్వు రేపు వస్తున్నావా లేదా?”

“చాప అల్లడం చూడటానికా? మా ఇంట్లో మా అమ్మ రోజూ అల్లుతుంది, టిక్కెట్టు అడగదు.”

మర్నాడు శనివారం సంత. ఫూల్మతి పొద్దున్నే పెద్ద డేగిసా నిండా, అంచుకు సమంగా, కొత్తగా వేయించిన బఠాణీలు పోసింది. పలకమీద ‘చాప’ అని రాసింది. పిడికిళ్లు గీయలేదు. జనం బాగా చేరాక, ఎక్కి కూర్చునే పీట మీదికెక్కి నిలబడింది.

“అందరూ వినండి! నేను కట్ట తీసుకున్న మాట నిజం. పెళ్లికనుకుని తీసుకున్నాను, అడగకుండా తీసుకోవడం నా బుద్ధితక్కువ. ఆ బుల్డోజర్‌కి నేనిచ్చింది అర గుప్పెడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఇప్పుడు నేను ఐదు ఇస్తున్నాను. నా నోటితో, నా జన్మలో మొదటిసారి. ఈ చాపకి.”

“ఈసారెన్ని కట్టలు పిన్నీ?” అని అరిచాడు బిసున్. జనం ఘొల్లుమన్నారు.

“కట్టలు కాదురా, పొట్లాలు! ఈ డేగిసా మొత్తం పొట్లాలు కట్టి ఊరికే పంచుతాను. రెండింటి ఆటకి పట్టుకెళ్లండి. లోపల తినాలనిపిస్తే తినండి. బయటికొచ్చాక మిగిలినవి తెచ్చి ఇందులోనే పొయ్యండి. డేగిసా మళ్లీ నిండితే నేను చెప్పింది నిజం. నిండకపోతే ఈ పలక తీసుకెళ్లి మిల్లు గేటు దగ్గర చెరకు లారీ చక్రం కింద పెడతాను. మళ్లీ సినిమా గురించి నోరెత్తితే నన్ను ఫూల్మతి అనకండి.”

నవ్వులాగిపోయాయి. పలక చక్రం కింద పెడుతుందా? బస్టాండంతా గుసగుసలాడింది.

“మేం కావాలని తినేస్తే?” అన్నాడు బిసున్.

“నువ్వు పొట్లంతో లోపలికెళ్లు నాయనా. ఆ తర్వాత నీకూ సినిమాకీ మధ్య నేను రాను.”

పందెమంటే మన జనానికి తెలిసిందేగా. సెయాంగాంగా బస్సు మొత్తం దిగింది. వసితి తన చేపలకుండ మీద మూత పెట్టి, ఇద్దరు అక్కచెల్లెళ్లనూ, వాళ్లమ్మనూ కేకేసింది. బిసున్ అత్తగారు చెవుల్లో దూది ముందే పెట్టుకుని వచ్చింది. చివరి పొట్లం రోనిల్ చేతిలో పెట్టింది ఫూల్మతి. “నువ్వూ పట్టు. ఒక్కసారైనా నీ హాల్లో నిలబడి చూడు.” నూట పన్నెండు పొట్లాలు. డేగిసా అడుగున పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

దీపాలారాయి. ఫూల్మతి తన సీట్లో చేతులు ముడుచుకుని కూర్చుంది. తెరవైపు చూడలేదు, నిన్న చూసిందేగా. చెవులు మాత్రం హాలంతా పరిచింది.

కరకర. కరకర. మొదటి పది నిమిషాలూ ఎక్కడ చూసినా ఇదే చప్పుడు. ముందు వరసలో బిసున్ అయితే మిల్లు ఆడించినట్టు ఆడిస్తున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ‘అయిపోయింది, నా పలక చక్రం కిందే’ అనుకుంది ఫూల్మతి. తెరమీద ముసలావిడ ఆకులు ఎండబెడుతోంది, తాపీగా, ఒక్కొక్కటే. త్వరగా కానివ్వవే తల్లీ, ఇక్కడ నా కొంప మునుగుతోంది అని ఆవిడ మీద కూడా విసుక్కుంది.

ఎప్పుడు మొదలైందో తెలియదు. ముందు ఎడమవైపు తగ్గింది. తర్వాత వసితి వాళ్ల వరస. ముసలావిడ చాప చుట్టి చంకన పెట్టుకుని ఆడపడుచు గుమ్మందాకా వెళ్లి, వానలో నిలబడి, తలుపు కొట్టకుండా వెనక్కొచ్చేసిన చోట, బిసున్ మిల్లు కూడా ఠక్కున ఆగింది. ఆ తర్వాత హాల్లో పంకాల చప్పుడే. ఫూల్మతి చెవి ఒగ్గి వింది. ఒక్క పన్ను కదలలేదు.

“అడగవే!” అని ఒక్కసారిగా అరుపు. బిసున్ అత్తగారు లేచి నిలబడి తెరవైపు చెయ్యి చాపింది. దూది తీసి పారేసింది. “నీ పట్టుదల పాడుగానూ! నోరు తెరిచి అడుగు, ఓడ వచ్చేస్తోంది!”

ఒక్కరూ కూర్చోమనలేదు. వసితి వాళ్లమ్మ ఆ వరస నుంచే, “అడగదమ్మా, నాకు తెలుసు, మా ఇంట్లోనూ అంతే!” అని తన భాషలో జవాబిచ్చింది. ఒకరి మాట ఒకరికి అర్థమైందో లేదో గానీ ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు. ఆఖరి రోజు తెల్లవారుతుండగా ఆడపడుచు తనంతట తనే వచ్చి, ఒక్క మాటా అనకుండా, చాప రెండో కొస దగ్గర కూర్చుని అంచు అల్లడం మొదలుపెట్టింది. హాలంతా ఒక్క గొంతుతో హమ్మయ్య అంది.

ఫూల్మతి అందరికంటే ముందు బయటికొచ్చి, మెట్ల దగ్గర డేగిసా, పలకా పెట్టుకుని నిలబడింది. జనం వస్తున్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. మొదటి పొట్లం బిసున్ అత్తగారిది. మడత విప్పకుండానే ఇచ్చింది. ఫూల్మతి విప్పి పోసింది. ఖాళీ డేగిసాలో గింజలు గలగలమన్నాయి. వసితి, వాళ్లమ్మ, అక్కచెల్లెళ్లు, సెయాంగాంగా బస్సువాళ్లు, ఒకరి తర్వాత ఒకరు. కొన్నిటిలో చిటికెడు తగ్గింది, కొన్నిటిలో గుప్పెడు. ఎక్కువ పొట్లాలు మడత మీదే ఉన్నాయి. గలగల కాస్తా మెత్తబడి, చప్పుడే లేకుండా పోయింది. డేగిసా నిండుతోంది. చుట్టూ మూగినవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

వచ్చినవాళ్ల పొట్లాలన్నీ పోశాక చూస్తే, అంచుకు రెండు వేళ్ల కింద ఆగిపోయింది.

రెండు వేళ్లు. ఫూల్మతి తన కొంగుతో మొహం తుడుచుకుని, పలక అందుకుంది. చెప్పిన మాటంటే మాటే.

“ఆగు పిన్నీ!” జనాన్ని తోసుకుంటూ బిసున్ వచ్చాడు. చేతిలో సగం పొట్లం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉన్నది డేగిసాలో పోశాడు. “మొదటి సగం నీమీద కసితో తిన్నాను. మా బావమరదుల చేత కూడా తినిపించాను. రెండో సగం చేతిలో ఉందని కూడా నాకు గుర్తులేదు. ఆ రెండు వేళ్లూ మేమే. మా పాపం సినిమా మీద వెయ్యకు!”

“అంతే! అంతే!” అని జనం కేకలు. “డేగిసా నిండినట్టే!”

అప్పుడొచ్చాడు రోనిల్. తలుపు దగ్గరే నిలబడి ఆట మొత్తం చూశాడట. చేతిలో పొట్లం, మూతి విప్పనిది. దాన్ని తనే డేగిసాలో పోసి, టిక్కెట్ల గదిలోకెళ్లి ఒక నంగోనా కట్ట పట్టుకొచ్చి, అందరిముందూ ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, రెండు చేతులా ముందుకు పెట్టాడు.

ఫూల్మతి చెయ్యి చాపలేదు. నడుంమీద పెట్టుకుంది.

“ముందు చెప్పు, ఇది దేనికి?”

బస్టాండు విరగబడి నవ్వింది. రోనిల్‌కి కూడా నవ్వొచ్చింది, కన్నీళ్లతోనే. “తప్పయిపోయింది పిన్నీ, క్షమించమని. నువ్వు చెప్పని మాట నీ పేరుతో ఇంకెప్పుడూ రాయను. ఈ సినిమా వారమంతా ఉంచుతాను. బోర్డు ఇప్పుడే దించుతాను.”

“ముందు దించు.”

ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన వేసి దించేశారు. అప్పుడు ఫూల్మతి వంగి, కట్టమీద రెండు చేతులూ వేసింది. వసితి అరచేతులు గుల్లగా పట్టి చప్పట్లు మొదలుపెట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. మూడుసార్లతో ఆగవలసినవి ఆగలేదు, కొడుతూనే ఉన్నారు.

ఫూల్మతి పలక ఒళ్లో పెట్టుకుని గీయడానికి కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇన్నేళ్లూ నాలుగుకు సరిపోయేలా గీసిన చెయ్యి అది, నాలుగుతో పలక అంచుదాకా నిండిపోయింది. ఐదోదానికి చోటు లేదు. ఆవిడ ఒక్క క్షణం చూసి, ఐదో పిడికిలి చెక్క చట్రం మీద గీసింది, మిగతావాటికంటే పెద్దగా.

“ఇదిగో, ఇచ్చాను” అంది పైకే. ఎవరితో అన్నదో వసితికి తెలుసు. ఆవిడ ఫూల్మతి భుజం మీద చెయ్యి వేసింది.

అవతల సెయాంగాంగా బస్సు డ్రైవరు హారను మోగించాడు. ఎవరూ ఎక్కలేదు. ఇంకోసారి మోగించి, విసుక్కుని, ఇంజను ఆపి దిగొచ్చాడు. ఆట వదిలినప్పటి నుంచీ ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడంతో జనాన్ని తోసుకుని ముందుకొచ్చి పలక చూశాడు, చట్రం చూశాడు.

“ఐదా?” అన్నాడు. “తరవాత ఆట ఎన్నింటికి?”